పదకొండో నంబరు పార్కింగ్

మా థార్న్‌షా ఊళ్ళో టౌన్‌హాల్ దగ్గర కారు పెట్టుకోడానికి చోటు దొరకదు. ఈ మాట ఎక్కడ అన్నా జనం "అవునవును" అని తలూపి వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. వాళ్ళకి నా బాధ తెలీదు. నేను కౌన్సిలర్ని. ప్రజాసేవకి బయల్దేరిన మనిషి సూపర్ మార్కెట్ వెనక కారు పెట్టి, రెండు గంటల టికెట్ తీసుకుని, వానలో అర మైలు నడిచి, టికెట్ టైమైపోతోందేమో అని గడియారం చూసుకుంటూ ముసలివాళ్ళ సంరక్షణ గురించి మాట్లాడాలి. పోయిన నెల ఆ విషయాన్ని నాలుగు నిమిషాల్లో ముగించేశాను. లోకల్ పేపర్లో "సూటిగా మాట్లాడే మాల్కమ్ పిక్‌ఫోర్డ్" అని రాశారు.

టౌన్‌హాల్ వెనక పెరట్లో పద్దెనిమిది కార్లకి చోటుంది. దాన్ని పార్టీల సీట్లనిబట్టి పంచుతారు. ఒకప్పుడు ముప్ఫై తొమ్మిది సీట్లలో ముప్ఫై ఒకటి మావే, పద్నాలుగు ప్లేసులు మావే. ఆ రోజుల్లో మా పార్టీ గుర్తు పెట్టి గాడిదని నిలబెట్టినా గెలిచేది, దానికీ పార్కింగ్ ఉండేది. నేను గెలిచింది కూడా ఆ రోజుల్లోనే. తర్వాత ఏమైందో ఎవరికీ సరిగ్గా తెలీదు. కార్మికులు మమ్మల్ని మధ్యతరగతి వాళ్ళన్నారు, మధ్యతరగతి వాళ్ళు పాతకాలం వాళ్ళన్నారు, కుర్రాళ్ళు మమ్మల్ని అసలేమీ అనలేదు. మే నెల ఎన్నికల్లో, పుట్టి నాలుగేళ్ళు కూడా కాని కొత్త పార్టీ ఒకటి దీపస్తంభాలకి జెండాలు కట్టుకుంటూ వచ్చి ఇరవై రెండు సీట్లు పట్టుకెళ్ళింది. మేం తొమ్మిదిమందిమి మిగిలాం. ప్లేసులు నాలుగు.

దేశంలో వామపక్షానికి ఏం జరిగిందని పెద్దపెద్ద వ్యాసాలు రాస్తుంటారు. అంత చదవక్కర్లేదు. మా పెరట్లోకి వచ్చి చూస్తే చాలు.

ఆ నాలుగులో ఒకటి మా గ్రూపు నాయకుడిది, ఒకటి ఉపనాయకుడిది, ఒకటి విప్‌ది. నాలుగోది పదకొండో నంబరు. వెనక తలుపుకి నాలుగడుగుల దూరం. పైన రేకు కప్పు. కారు దిగి గొడుగు తియ్యకుండా కౌన్సిల్ హాల్లోకి వెళ్ళొచ్చు. అది మా ఎడ్నాది. ఎడ్నా మేలో ఓడిపోయింది. అందరం చాలా బాధపడ్డాం. ఆవిడ ఏడుస్తూ తాళాలు అప్పగిస్తుంటే నేను భుజం తట్టాను. తడుతూ కిటికీలోంచి పదకొండో నంబరు చూశాను. ఒప్పుకుంటున్నాను కదా, ఇంకేం కావాలి.

మా నాయకుడు రాయ్ క్రాబ్‌ట్రీ. పద్నాలుగేళ్ళుగా ఆయనే. అంతకుముందు ఇరవై రెండేళ్ళు పదిహేడో నంబరు బస్సు నడిపాడు. నన్ను పార్టీలో చేర్చింది ఆయనే. మేం ఇద్దరం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు సమ్మెలో ఉన్నవాళ్ళ కోసం మార్కెట్లో చందాల డబ్బా ఊపుకుంటూ నిలబడేవాళ్ళం. డబ్బా రాయ్ ఊపేవాడు. నాకు చలి, కోటు జేబుల్లోంచి చేతులు తీసేవాణ్ణి కాదు. మా ఆవిడ గిలియన్‌కి ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రోజులు నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది కూడా రాయే. నేను కంగారులో కారు నడపలేనని.

రాయ్‌కి ఒక నియమం ఉంది. పోటీలో నిలబడ్డవాడు తన ఓటు అవతలివాడికి వెయ్యాలి. "నీ ఓటు నువ్వే వేసుకుంటే ఇంకెవడు వేస్తాడని అనుమానం ఉన్నట్టేగా?" అనేవాడు. పార్టీలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ టీ కప్పు చేతికిచ్చి ఇదే చెప్పేవాడు. అందరం భక్తిగా తలూపేవాళ్ళం. పాటించింది మాత్రం నాకు తెలిసి రాయ్ ఒక్కడే.

మే ఓటమి తర్వాత నాయకుణ్ణి మార్చాలని గుసగుసలు మొదలయ్యాయి. లండన్‌లో కూడా అదే గోల కాబట్టి మేమూ చెయ్యకపోతే వెనకబడ్డట్టుంటుంది. పోటీకి బెథనీ హార్‌గ్రీవ్స్ నిలబడింది. ముప్ఫై ఆరేళ్ళ పిల్ల. పేదలకి అద్దె ఇళ్ళిచ్చే సంస్థలో ప్రచారం పని చేస్తుంది. ఆమెని పార్టీలోకి తెచ్చింది కూడా రాయే.

ఒక శనివారం పొద్దున్న బెథనీ నిమ్మకాయ కేకు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"మాల్కమ్ గారూ, మీ అనుభవం మాకు కావాలి," అంది.

"అనుభవం ఉన్నవాడికి ఎవరమ్మా విలువ ఇస్తున్నారు," అన్నాను, కేకు కోస్తూ.

"అదే నా బాధ. మొన్న వానలో సూపర్ మార్కెట్ నుంచి నడుచుకుంటూ వస్తున్నారు మీరు. చూసి మనసు తరుక్కుపోయింది."

నాకు ఆ అమ్మాయి తెలివితేటల మీద అప్పుడే గౌరవం కలిగింది.

"నేనే నాయకురాలినైతే పదకొండో నంబరు ఎవరికివ్వాలో నాకు తెలుసు," అంది. "ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి."

"ఓటు అనేది మనస్సాక్షికి సంబంధించిన విషయం, బెథనీ."

"అందుకే మీ దగ్గరికొచ్చాను."

ఆమె వెళ్ళాక గిలియన్ నా వంక చూసింది. మా ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ముప్ఫై ఏళ్ళు ఆ చూపుతోనే బడి నడిపింది.

"రాయ్‌కి వేస్తున్నావు కదా?" అంది.

"అదేం ప్రశ్న?"

అది నిజంగానే ప్రశ్న కాదు. నేను లెక్క వేసుకున్నాను. మిగతావాళ్ళంతా రాయ్‌కే వేస్తామని మాట ఇచ్చారు. మా ఇమ్తియాజ్ అయితే రాయ్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని మరీ చెప్పాడు. అంటే నా ఒక్క ఓటు అటూ ఇటూ అయినా రాయ్ గెలుస్తాడు. బెథనీ మాత్రం నన్ను గుర్తుపెట్టుకుంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఈ లెక్కలో ఒక చిన్న లోపం ఉంది. రాయ్ గెలిస్తే పదకొండో నంబరు పంచే అధికారం బెథనీకి ఉండదు. ఆ సంగతి నాకు తర్వాతే తట్టింది. తర్వాతే తట్టిందని చెప్పుకోవడం నాకిష్టం.

ఆ ఆదివారం పెరట్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళి పదకొండో నంబరులో కారు పెట్టి చూశాను. రెండు పక్కలా చెయ్యెడు ఖాళీ. తలుపు పూర్తిగా తెరుచుకుంది.

మంగళవారం సాయంత్రం ఆరింటికి ఓటింగ్. పాత ఎన్నికల కరపత్రాలు మిగిలిపోయాయని వాటి వెనకే పేర్లు రాయమన్నారు. నా కాగితం ముందువైపు రాయ్ ఫోటో ఉంది. నవ్వుతున్నాడు. నేను తిప్పి వెనక బెథనీ పేరు రాశాను. బిస్కెట్ డబ్బాలో వేశాను.

లెక్కపెట్టింది డోరీన్. డెబ్బై తొమ్మిదేళ్ళావిడ, గ్రూపులో అందరికన్నా పెద్దది. ఒక్కో కాగితం విప్పి కళ్ళజోడు పైకి తోసి "బెథనీ" అంది. మళ్ళీ "బెథనీ". మూడోసారి "బెథనీ" అన్నప్పుడు నాకు కొంచెం చెమట పట్టింది. ఏడోసారి అన్నప్పుడు ఇమ్తియాజ్ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. అవి లేసుల్లేని బూట్లు.

ఎనిమిది బెథనీకి. ఒకటి రాయ్‌కి.

మీకు చెప్తే నమ్మరు గానీ నేను మండిపోయాను. ఇంతమంది ఇంత దిగజారతారా? మాటిచ్చి తప్పుతారా? నేను తప్పానంటే దానికో లెక్క ఉంది. వీళ్ళ మీద భరోసాతోనే కదా తప్పాను!

రాయ్ లేచి బెథనీకి చెయ్యిచ్చాడు. "బాగా నడుపమ్మా," అన్నాడు. బస్సు గురించి చెప్తున్నట్టే ఉంది. బెథనీ మొహం పాలిపోయింది. గెలిచినవాళ్ళ మొహంలా లేదు. పదవి బరువు అనుకున్నాను.

మర్నాడు కెఫేలో రాయ్ నా ఎదురుగా కూర్చుని టీలో చెంచా తిప్పుతున్నాడు. చక్కెర వెయ్యకుండానే తిప్పుతున్నాడు.

"ఒకటి వచ్చిందిరా మాల్కమ్," అన్నాడు.

"ఊఁ."

"నాది కాదు. నేను బెథనీకి వేశాను, నీకు తెలుసుగా నా సంగతి. అంటే ఒకడున్నాడు."

"ఉన్నాడు."

"పొద్దున్న ఇమ్తియాజ్ ఫోన్ చేశాడు. ఆ ఒక్కటీ తనదేనన్నాడు. డోరీన్ గిన్నెడు మాంసం కూర తెచ్చిచ్చి, చెవిలో తనదేనంది. మన విప్ కూడా మెసేజ్ పెట్టాడు, తనదేనని. ఇప్పటికి నాకు మూడు ఓట్లొచ్చాయిరా. డబ్బాలో మాత్రం ఒకటే ఉంది."

నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"ఓడిపోయినందుకు కాదురా. ఓడిపోవడం నాకు అలవాటే, మేలో సీటుకొకసారి చొప్పున ఇరవై సార్లు ఓడిపోయాను. ఆ ఒక్కడెవడో తెలిస్తే చాలు. మిగతావన్నీ మర్చిపోతా. నువ్వా?"

"ఎవరైతేనేం రాయ్," అని ఒక మొహం పెట్టాను.

గమనించండి. నేను అబద్ధం చెప్పలేదు. మొహం మాత్రమే పెట్టాను.

గురువారం పదింటికి పూర్తి కౌన్సిల్ సమావేశం. నాయకురాలిగా బెథనీకి మొదటిది, పదకొండో నంబరులో నాకు మొదటిది. బుధవారం సాయంత్రమే కారు కడిగించాను. పొద్దున్న కిందకి వచ్చి చూస్తే కారు లేదు. వంటింటి బల్ల మీద చీటీ: "కుండల క్లాసుకి మట్టి తేవాలి. బస్సులో వెళ్ళు. గి."

మనిషి జీవితంలో ఒక్క రోజు కారు కావాల్సొస్తే ఆ రోజే భార్యకి మట్టి కావాలి.

పదిహేడో నంబరు బస్సెక్కాను. కిటికీ మూసుకోదు. టౌన్‌హాల్ దగ్గర దిగేసరికి వాన దంచేస్తోంది. తడుచుకుంటూ పెరట్లోకి తిరిగేసరికి ఆగిపోయాను. రేకు కప్పు ముందు ఆరు కార్లు వరసగా ఉన్నాయి. అన్నీ పదకొండో నంబరు వైపే తిరిగి ఉన్నాయి. ఇంజన్లు ఆన్‌లోనే ఉన్నాయి.

"ఇది నాకిచ్చింది!" ఇమ్తియాజ్ కిటికీలోంచి అరుస్తున్నాడు.

"నీకివ్వడమేంటోయ్? నా తుంటి ఎముక మార్చారు, నాకిస్తానంది," డోరీన్ హారన్ కొట్టింది.

"తుంటి మార్చి ఆరేళ్ళయింది. మొన్న మా చెల్లి పెళ్ళిలో డాన్స్ చేశారు మీరు!"

"మీ చెల్లి బతిమాలింది గనక చేశాను నాయనా. నిమ్మకాయ కేకు సాక్షిగా నాదే ఈ ప్లేసు!"

"నిమ్మకాయ కేకా? మాకు క్యారెట్ కేకు తెచ్చింది," అన్నాడు విప్. ఆయనకి విప్‌గా ముందే ఒక ప్లేసుంది. దానికి రేకు లేదు.

నేను చెత్తడబ్బాల పక్కన నిలబడిపోయాను.  మనిద్దరి మధ్యే ఉండాలి అంది బెథనీ. ఏడుగురితోనూ ఇదే మాట. నాకు అంత ద్రోహం ఎప్పుడూ జరగలేదు. నేను నా నలభై ఏళ్ళ స్నేహాన్ని పణంగా పెడితే, ఆమె పెట్టింది ఒక కేకు. అదీ అందరికీ ఒకే రకం కాదు.

వీళ్ళు ఇలా అరుచుకుంటుండగా కొత్త పార్టీవాడు వేన్ తన పికప్ ట్రక్కుని పక్కనుంచి తీసుకొచ్చి నేరుగా పదకొండో నంబరులో పెట్టేశాడు. దిగి, తాళం వేసి, "ఎవరిదీ కానట్టుంది," అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆరుగురూ ఇంకో ఐదు నిమిషాలు అరుచుకున్నాక గానీ గమనించలేదు.

అప్పుడు పైనుంచి కిటికీ చప్పుడైంది. తలెత్తి చూస్తే రెండో అంతస్తులో రాయ్. గది ఖాళీ చేస్తున్నాడు. కింద కార్లని చూశాడు. వానలో చెత్తడబ్బాల పక్కన తడిసి నిలబడ్డ నన్ను చూశాడు. చెయ్యి ఊపి పైకి రమ్మన్నాడు.

గదిలో అట్టపెట్టెలు. గోడ మీద ఫోటోలు తీసేసిన చోట తెల్లటి చతురస్రాలు. రాయ్ నా కోటు తనే విప్పి రేడియేటర్ మీద ఆరేశాడు.

"ఎలా వచ్చావురా?"

"బస్సులో."

"పదిహేడులో?"

"పదిహేడులోనే."

రాయ్ ముక్కు ఎగబీల్చాడు. ఆ మనిషి భార్య పోయిన రోజు కూడా నా ముందు ముక్కు ఎగబీల్చలేదు.

"ఇందాకట్నుంచి లెక్కపెడుతున్నానురా. ఆరుగురు ఉన్నారు కింద. బెథనీ, నేను పోను మిగిలేది ఏడుగురు. ఏడోవాడి కోసం కిటికీ దగ్గరే నిలబడ్డాను. వాడూ కార్లో వస్తే ఇంక నాకెవరూ లేనట్టే అనుకున్నా. నువ్వు వానలో నడిచొచ్చావు, మాల్కమ్."

నేను నోరు తెరిచాను. ఇప్పుడు చెప్పేయాలనే తెరిచాను. కారు గిలియన్ తీసుకెళ్ళింది అనే మాట నాలుక మీదకి వచ్చింది కూడా. కానీ రాయ్ నాకు తన తువ్వాలు ఇచ్చాడు. తల తుడుచుకుంటుంటే మాట లోపలికి పోయింది.

"విను," అన్నాడు. "నలభై ఆరేళ్ళు పార్టీలో ఉన్నా. ఇంక చాలు. స్వతంత్రంగా కూర్చుంటా. కానీ ఒక్కణ్ణే ఉంటే గ్రూపు కింద లెక్క కాదు, కమిటీల్లో సీటివ్వరు, ఏదైనా అడిగేందుకు వంతు రాదు. రూలు ప్రకారం ఇద్దరుండాలి. సోమవారం పన్నెండు లోపు ఇద్దరి సంతకాలతో కాగితం అందాలి. మన వీధుల గురించి, నా బస్సుల గురించి అడిగేవాళ్ళు ఒకళ్ళైనా ఉండాలి కదరా. నువ్వు తప్ప నేనెవర్నీ అడగలేను. అడగను."

"ఆలోచించాలి రాయ్."

"ఆలోచించు. ఆదివారం భోజనానికొస్తా. అన్నట్టు," అని నవ్వాడు, "ఇద్దరున్న గ్రూపుకి ఒక పార్కింగ్ ప్లేసిస్తారట. అది నువ్వే తీసుకో. నాకు బస్సు పాస్ ఉంది."

బయటికొచ్చాక మెట్ల దగ్గర బెథనీ ఎదురైంది. పట్టుకున్నాను.

"నాకెంత ద్రోహం చేశావు!" అన్నాను.

"మీకా?" అంది.

"నాకే. మాటిచ్చి ఏడుగురికి పంచావు."

ఆ పిల్ల నన్ను కాసేపు చూసింది. ఆ చూపుకి గిలియన్ దగ్గర ట్యూషన్‌కి వెళ్ళిందేమో అనిపించింది.

"మాల్కమ్ గారూ, కేకుకి నలుగురు పడతారనుకున్నా. హోరాహోరీగా ఉంటుంది, ఒక ఓటుతో గెలుస్తాను లేదా ఓడిపోతాను అనుకున్నా. ఒక్కరైనా కేకు వెనక్కిచ్చేస్తారనుకున్నా. అందరూ తిన్నారు."

"ఒకరు వెయ్యలేదుగా. రాయ్‌కి ఒకటి పడింది. ఆ మహానుభావుడెవరో..."

"అది నాది," అంది.

"నీదా?" అన్నాను.

"ఆయనే నేర్పారు కదా, నిలబడ్డవాళ్ళు తమ ఓటు అవతలివాళ్ళకి వెయ్యాలని. నేను పార్టీలో చేరిన రోజు, టీ కప్పు చేతికిచ్చి చెప్పారు. మిగతావన్నీ ఎలా చేసినా అదొక్కటి తప్పబుద్ధి కాలేదు." గొంతు తగ్గించింది. "ఆయనకి చెప్పకండి. ఆయనకి ఒక్కరైనా ఉన్నారనుకోనివ్వండి."

ఇంటికొచ్చాను. గిలియన్‌కి రాయ్ అప్పటికే ఫోన్ చేసేశాడు. మా ఆవిడ, ముప్ఫై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, నన్ను చూసి లేచి నిలబడింది. "నిన్ను నేను తక్కువ అంచనా వేశాను," అంది. తన పుస్తకాల క్లబ్బులో పదకొండుమందికీ చెప్పేసిందట, మా ఆయన నిజాయితీ గలవాడని. నాకోసం ఒక కప్పు చేసింది మట్టితో. కొంచెం వంకరగా ఉంది. దాని మీద "రాయ్ స్నేహితుడికి" అని చెక్కింది. 

ఇవాళ శనివారం. రేపు ఒంటిగంటకి రాయ్ వస్తాడు. గిలియన్ గొర్రె తొడ తెచ్చింది. కాగితం వంటింటి బల్ల మీద ఉంది. రాయ్ సంతకం ముందే పెట్టేశాడు. దాని కింద ఖాళీ గీత ఒకటి, నా పేరుతో.

సంతకం పెడితే, తనకి ఓటెయ్యని మనిషి పక్కన రాయ్ మిగతా కాలమంతా కూర్చుంటాడు, కూర్చున్నన్నాళ్ళూ నాకు కృతజ్ఞతలు చెప్తాడు. పెట్టకపోతే, నలభై ఆరేళ్ళకి మిగిలిన ఆ ఒక్కడు కూడా పోయాడనుకుంటాడు. నిజం చెప్తే, తన పార్టీలో తనకి ఓటేసింది తనని దించిన పిల్ల ఒక్కతే అని తెలుస్తుంది. నాకేమో ఆ ప్లేసు గురించి కూడా ఆలోచన వస్తోంది. రాదని నేను అనను. అది ఏ నంబరో రాయ్ చెప్పలేదు.

అయ్యా, అమ్మా, మీలో ఎవరైనా ఎప్పుడైనా ఒక మంచివాడికి మాటిచ్చి తప్పి, అతని దగ్గర మంచివాడిగా చలామణీ అయి ఉంటే, దయచేసి చెప్పండి, ఏం చేశారు? నీతులు వద్దు, నీతులు మా ఇంట్లో ఉన్నాయి. రేపు రాయ్ తలుపు తట్టి, గొడుగు దులుపుకుని, "ఏరా, పెట్టావా?" అని అడిగినప్పుడు నేను మొదట ఏమనాలో ఒక్క వాక్యం చెప్పండి చాలు. మొహం ఎలా పెట్టాలో చెప్పక్కర్లేదు. అది నాకొచ్చు. అందుకే కదా ఇంతదాకా వచ్చింది.

రేపు ఒంటిగంటలోపు చెప్పండి. రాయ్ ఎప్పుడూ టైముకి వస్తాడు.